ఆకుపచ్చ బోరింగు

తప్పు చూపిస్తే పరువు పోయిందనుకునే మనుషుల మధ్య కూర్చుని తప్పులు పట్టే సాధనం తయారుచేశాను నేను. అంతకు మించిన బుద్ధితక్కువ పని ఇంకొకటి ఉండదు. ఈ మధ్య ఎవరో పిల్లలు ఫోన్ చేసి, "మేడమ్, మన దిక్కు ఓపెన్ సోర్స్ మీటింగులు మొదలువెట్టినోళ్లల్ల మీరు గూడ ఉన్నరట గద, జర వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పండి" అన్నారు. మంచి మాటలట! నా దగ్గర ఉన్నవి అవి కావు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి. అందుకే వాళ్ల సభకు పోలేదు, ఇక్కడ రాస్తున్నాను.

తొంభైల చివరి సంగతి. నల్లగొండలో గడియారం సెంటర్‌కు దగ్గర్లో కింద ఎరువుల దుకాణం, మీద కంప్యూటర్ సెంటర్. అంతకుముందు అది టైపు నేర్పే జాగా. గోడలకు కార్బన్ మరకలు అప్పటికీ పోలేదు. నేను అక్కడ పాఠాలు చెప్పేదాన్ని. నెలకో ఆదివారం మా గుంపు కూడేది, ఒక నెల నల్లగొండలో అయితే ఇంకో నెల మహబూబ్‌నగర్‌లో. కొత్తకోట నుంచి, ఆలేరు నుంచి కూడా వచ్చేవాళ్లు. అందరూ మగవాళ్లే, ఆడమనిషిని నేనొక్కదాన్నే. పత్రికతో పాటు వచ్చిన సీడీలో లినక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే ఆ ఒక్క సీడీ చేతులు మారి మారి గీతలు పడిపోయేది. ఎవరు రాసిన ప్రోగ్రాం వాళ్లు ఫ్లాపీలో వేసుకుని, ఆ ఫ్లాపీని చొక్కా జేబులో పెట్టుకుని, బస్సు కుదుపులకు అది చెడిపోతుందేమోనని భయపడుతూ వచ్చేవాళ్లం.

మా గుంపుకు పెద్ద ఒక లెక్చరర్. పెద్దసారు అనేవాళ్లం. ఇంట్లోని కంప్యూటర్ మిషన్‌ను దుప్పట్లో చుట్టి ఆటోలో పెట్టుకుని తెచ్చేంత పిచ్చి ఆయనకు. సోర్స్ అంటే ప్రోగ్రాం లోపలి రాత, దాని గురించి ప్రతి మీటింగుకు ముందు ఆయన ఉపన్యాసం ఉండేది. "సోర్స్ దాచిపెట్టుకోవద్దు. తెరిచి పెట్టాలె. ఎవరన్న చూడొచ్చు, ఎవరన్న బాగుచెయ్యొచ్చు. జ్ఞానం ఎవరి అబ్బసొత్తు కాదు." వింటుంటే ఒళ్లు పులకరించేది. నిజంగానే నమ్మాను. అప్పుడు నమ్మినందుకే ఇప్పుడింత మంట.

ఎందుకంటే మా గుంపులో ఇంకో ఆచారం ఉండేది, దాన్ని ఎవరూ ఉపన్యాసంలో చెప్పేవాళ్లు కాదు. ఒకడు తన ప్రోగ్రాం నడిపి చూపిస్తే గదిలో ఎవ్వరూ తప్పు అనరు. చప్పట్లు కొడతారు. ఆ తర్వాత అందరూ మెట్లు దిగి పక్కనున్న ఇరానీ హోటల్‌కు పోయి, చాయ తాగుతూ, రాసినవాని భుజం మీద చెయ్యేసి, "అన్నా, గక్కడ జర చూస్కో" అని చెవిలో చెప్తారు. నలుగుర్ల అంటే బాగుండదట. చెవిలో చెప్పింది సగం మర్చిపోయేవాళ్లు. వచ్చే నెల అదే తప్పు మళ్లీ వచ్చేది, మళ్లీ చప్పట్లు. సరే, అది వాళ్ల తిప్పలు. మరి నా సంగతి? ఆ హోటల్లో ఆడవాళ్లు కూర్చోరు. ఒకసారి పోతే లోపలున్న వాళ్లంతా కప్పులు కింద పెట్టి నన్నే చూశారు. అంటే నాకు కనిపించిన తప్పు చెప్పడానికి నాకు జాగా లేదు. గదిలో చెప్తే పరువు తక్కువ, హోటల్లో చెప్పేందుకు నేను పోలేను. ఇంక ఎక్కడ చెప్పాలి, ఎరువుల బస్తాలకా?

ఆ సీడీలో వచ్చిన ప్రోగ్రాములను తెరిచి చూస్తే ప్రతిదాని వెంటా పరీక్షలు కూడా ఉండేవి. ఇది ఇస్తే ఇది రావాలి, రాకపోతే తప్పు అని రాసినవాళ్లే రాసి, లోకం ముందు పెట్టారు. నాకది మహా ముచ్చటేసింది. నేను కూడా ఒకటి చేశాను. ఒక ప్రోగ్రాంకు మంచి లెక్కలు, చెడ్డ లెక్కలు, ఖాళీలు, పిచ్చి అంకెలు అన్నీ వరసగా తినిపిస్తుంది. చేత్తో వేసి పెట్టుకున్న జవాబుతో పోల్చి, ఒక్కో వరసకు సరి అనో తప్పు అనో తెర మీద చూపిస్తుంది. చెప్పేది నేను కాదు, మిషన్. ఇక ఎవరికీ కోపం రాదనుకున్నాను. నిజానికి కొన్ని నెలలు రాలేదు కూడా. "భలే ఉంది చెల్లె" అని వాళ్ల ప్రోగ్రాములను దానికి అప్పజెప్పేవాళ్లు. పెద్దసారు ప్రోగ్రాం దాని నోట్లో పడేదాకా అంతా బాగానే ఉంది.

అప్పట్లో ఒక సర్కారు ఆఫీసు వాళ్లు ఊరూరా బోరింగుల నీళ్లు కొలిపిస్తున్నారు. ఫ్లోరైడు హద్దు దాటితే ఆ బోరింగుకు ఎరుపు రంగు, దాటకపోతే ఆకుపచ్చ. చదువు రానివాళ్లకు కూడా ఏ నీళ్లు తాగాలో తెలియాలని. ఊళ్ల నుంచి వచ్చిన అంకెలు తీసుకుని ఏ బోరింగుకు ఏ రంగో తేల్చే ప్రోగ్రాంను మా గుంపు ఉచితంగా రాసిస్తానంది. రాసింది పెద్దసారే.

మా దిక్కు ఫ్లోరైడు అంటే పుస్తకంలో మాట కాదు. మా అక్కను మునుగోడు దిక్కు ఒక ఊరికి ఇచ్చాం. అక్క అత్త మెడ తిప్పలేదు, పిలిస్తే మొత్తం మనిషి తిరిగి చూస్తుంది. ఆమె ముసలిదేం కాదు, నీళ్లు అలా చేశాయి. ఆ వాడలో మోకాళ్లు వంకరపోని ఇల్లు లేదు, గారపట్టని పండ్లున్న నోరు లేదు. అక్కకు అప్పుడు రెండేళ్ల కొడుకు. వాని నోట్లో ఆ బోరింగు నీళ్ల చుక్క పడకూడదని, అక్క రోజూ ఊరవతల మెట్టచేలో ఉన్న చెల్క బావి దాకా నడిచి, నెత్తిన ఒక బిందె, చంకలో ఒక బిందె మోసుకొచ్చేది. ఎండాకాలం కాళ్లు బొబ్బలెక్కేవి. "నా నడుము పోతే పోనీ, వీని బొక్కలు సక్కగుండాలె" అనేది. బొక్కలంటే మా దిక్కు ఎముకలు. ఆ రంగులు నాకు అందుకే అంత ముఖ్యం.

పెద్దసారు ప్రోగ్రాంను పరీక్షకు పెట్టాను. అన్నీ సరి, ఒక్కటి తప్పు. బోరింగు కొలవలేదనుకోండి, అంకె ఉండాల్సిన చోట ఉత్త గీత ఉందనుకోండి, ఏం రావాలి? కొలవలేదు అని రావాలి. ఈయన ప్రోగ్రాం ఆకుపచ్చ అంటోంది. ఎందుకో వెతికితే దొరికింది. సారు కాలేజీలో మార్కుల కోసం రాసుకున్న పాత ప్రోగ్రాంనే తీసుకొచ్చి దీనికి తగిలించాడు. పరీక్షకు రాని పిల్లవానికి సున్నా వేస్తారు కదా, అలాగే కొలవని బోరింగుకూ సున్నా వేసింది. మార్కుల్లో సున్నా అంటే ఫెయిలు. నీళ్లలో ఫ్లోరైడు సున్నా అంటే అంతకంటే మంచి నీళ్లు లేవు. లెక్చరర్ చేయాల్సిన తప్పే చేశాడు, చేస్తే చేశాడు. తప్పు ఎవరు చెయ్యరు?

ఆచారం ప్రకారమే పోయాను. గదిలో అనలేదు. మెట్ల మీద ఆపి చెప్పాను.

"సార్, కొలువని బోరింగుకు గూడ పచ్చరంగే వస్తాంది. జర చూడండి."

"కొలువకుంట ఎందుకు ఇడుస్తరమ్మా? అన్ని నింపుతరు గద."

"చెడిపోయి నీళ్లే రాకపోతే ఏం నింపుతరు సార్? గీత పెడ్తరు."

"సరే, చూస్తలే. ఫికర్ జెయ్యకు. గని జర మెల్లగ మాట్లాడు, పైన ఇంటరు."

పైన వింటారట! ఆయనకు ఆ మెట్ల మీద పట్టిన భయం అదొక్కటే.

రెండు నెలలకు పెద్ద మీటింగు నల్లగొండలో. హైదరాబాదు గ్రూపు నుంచి అతిథులు, ఆఫీసు నుంచి ఒక అధికారి. మిషన్‌కు బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. కుర్చీ మీద శాలువా మడత పెట్టి రెడీగా ఉంది. బగారా అన్నం వాసన మెట్ల కింది నుంచి వస్తోంది. పైన పటారం లోన లొటారం అంటే అదే. పెద్దసారు ముందు నా సాధనం గురించే గొప్పగా చెప్పాడు. "మా జిల్లాల తయారైన పరీక్షా సాధనం ఇది. మా ప్రోగ్రాంను మేమే పరీక్షించి చూపిస్తున్నం" అన్నాడు. ఆలేరు నుంచి వచ్చే అతను మిషన్ దగ్గర కూర్చుని నడిపాడు. తెర మీద వరసలు పడ్డాయి. సరి, సరి, సరి, అన్నీ సరి. గదంతా చప్పట్లు.

నేను రాసిన వరసలు నాకు తెలియవా? కొలవని బోరింగు వరస లేదు. తప్పు దిద్దలేదు, తప్పు చూపించే పరీక్షను తీసేశారు. లేచి నిలబడ్డాను.

"ఒక పరీక్ష తక్కువైంది సార్. కొలువని బోరింగుది."

ఆలేరు అతను తల వంచుకుని కీబోర్డులోకి చూస్తున్నాడు. పెద్దసారు మాత్రం నవ్వు చెదరనివ్వలేదు. "ఇంటి గుట్టు లంకకు చేటన్నరమ్మా. ముందుగాల అన్నాలు తిందాం, తర్వాత మనం మనం మాట్లాడుకుందాం."

"గది మల్ల పెట్టి నడిపియ్యండి సార్, తర్వాత తిందాం."

అధికారి అటూ ఇటూ చూసి, "ఏమిటి విషయం?" అన్నాడు.

"ఏం లేదు సార్" అన్నాడు పెద్దసారు. "ఆడపిల్ల గద, జర ఫికర్ ఎక్కువ."

"ఫికర్ కాదు సార్, ఈ ప్రోగ్రాం కొలువని నీళ్లను మంచినీళ్లంటాంది" అని అధికారి మొహం మీదే చెప్పాను. ఆయన పెద్దసారు వైపు చూశాడు. పెద్దసారు మళ్లీ నవ్వాడు. అధికారి కూడా నవ్వాడు. ఎవరో లేచి శాలువా కప్పారు. ఇంకెవరో "అన్నం సల్లగైతాంది" అని కేకేశారు. అంతే, అందరూ లేచారు. కొన్ని ఊళ్ల నోట్లో విషం పోస్తున్నారని నేను చెప్తుంటే, వీళ్లకు బగారా అన్నం చల్లారిపోతోందట!

ఆలేరు అతన్ని ఎరువుల దుకాణం ముందు పట్టుకున్నాను. "నువ్వే తీసినవా?"

"తియ్యలేదక్కా. దాని ముందట ఒక గుర్తు పెట్టిన, మిషన్ చదువకుంట దాటేస్తది, అంతే. సారు పెట్టమన్నడు. తప్పు అని పడితే అందరి ముందట పరువు పోతదన్నడు."

"ఎవని పరువు?"

అతను బస్సుకు టైమైందంటూ జరిగిపోయాడు. సోర్స్ తెరిచి పెట్టాలని నెలనెలా ఊదరగొట్టి, నోరు మాత్రం మూసుకోమనే మనుషులు. లోకం మీద ఎవడో కంపెనీవాడు తన ప్రోగ్రాం దాచుకుంటే పాపమంటారు, తమ తప్పు తాము దాచుకుంటే మర్యాదంటారు. మన్నువడ ఆ మర్యాదకు!

ఆ వారమే ఆఫీసుకు పోయాను. అర్జీ రాసుకుని పోయాను. "ప్రోగ్రాం ఇచ్చింది మీ గ్రూపు పెద్ద. ఆయన సంతకంతో రండి" అన్నారు. పెద్దసారు ఇంటికి పోతే, ఆయన భార్య చాయ ఇచ్చింది, ఆయన దొరకలేదు. మళ్లీ పోతే మళ్లీ చాయే ఇచ్చింది.

అక్క ఊళ్లో కొలిచే ఉంటారనుకున్నాను. వానలు పడి వెనక్కి తగ్గాక అక్క దగ్గరికి పోయాను. అక్క మొహంలో అంత కళ నేనెప్పుడూ చూడలేదు. చెంబుతో నీళ్లు తెచ్చి చేతికిచ్చింది.

"తాగు చెల్లె. మన బోరింగువే. మంచినీళ్లేనట."

ఇంటి ముందరి బోరింగు ఆకుపచ్చగా మెరుస్తోంది. కొత్త రంగు. పిల్లవాడు దాని కింద కూర్చుని నోరు పెట్టి నీళ్లు తాగుతున్నాడు. నేను చెంబు కింద పెట్టేశాను.

"అక్కా, వచ్చి కొలిచిన్రా?"

"వచ్చిండ్రు. గా పొద్దు బోరింగు రాడ్డు ఇరిగి ఉండె, నీళ్లే రాలే. మల్ల వస్తమని పోయిన్రు. తర్వాత రంగోళ్లే వచ్చిన్రు."

చెప్పాను. అంతా చెప్పాను. చెప్తుంటే అక్క మొహం ఎట్లా మారిందో నేను రాయలేను. ముందు నమ్మలేదు. తర్వాత నా మీదికే లేచింది.

"మా అత్త మెడ చూస్కుంట గూడ గా నీళ్లు తాగుతమానే? పచ్చరంగు ఏసిన్రు గనుకనే తాగినం! చెల్క బావికి పోవుడు బంద్ జేసిన. నా చేతులతోని వీనికి పోసిన గదనే!" అని పిల్లవాని చెయ్యి పట్టి లాగి చంకనేసుకుంది. వాడు నీళ్ల కోసం ఏడుపు.

ఒక సీసాలో ఆ నీళ్లు పట్టుకుని పోయి నల్లగొండలో కాలేజీ ల్యాబులో తెలిసిన మేడమ్‌తో కొలిపించాను. హద్దుకు చాలా మీద ఉంది. ఆ మాట పట్టుకుని మళ్లీ ఊరికి పోతే అక్క ఒక్కటే అడిగింది. "ఎవడన్నడు పచ్చరంగని? నన్ను తోల్కపో."

ఆ నెల మీటింగు మహబూబ్‌నగర్‌లో. దేవరకొండ మీదుగా బస్సు. పిల్లవాణ్ని ఒళ్లో వేసుకుని అక్క దారంతా వాని మోకాలి చిప్పలు చేత్తో తడుముతూ కూర్చుంది. ఒక బడి కంప్యూటర్ గదిలో అందరూ కూడి ఉన్నారు. పెద్దసారు ఉపన్యాసం సాగుతోంది. జ్ఞానం ఎవరి అబ్బసొత్తు కాదన్న మాట దగ్గర ఉన్నాడు. అక్క చెప్పులతోనే లోపలికి నడిచింది.

"రా అమ్మా, కూసో" అన్నాడు ఆయన మర్యాదగా.

"కూసునేందుకు రాలే సారూ. మా ఊరి బోరింగుకు పచ్చరంగు ఏయమన్నది మీల ఎవరు?"

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మనుషులం అనలేదమ్మా. ప్రోగ్రాం…"

"గదెవరు జేసిన్రు?"

"నేనే" అన్నాడు. ఆ ఒక్క మాట మాత్రం తప్పించుకోకుండా అన్నాడు. నేను సీసా లెక్క చెప్పాను, విరిగిన రాడ్డు సంగతి చెప్పాను, గీతకు సున్నా వేసిన సంగతి చెప్పాను. హోటల్లో కాదు, మెట్ల మీద కాదు, అందరి ముందర, గొంతు తగ్గించకుండా చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"చిన్న పొరపాటు అయింది. ఏం ఫికర్ జెయ్యకమ్మా, వచ్చే వెర్షన్ల సక్కగ జేస్తం."

అక్క నా వైపు తిరిగింది. "ఏందట?"

"ఇప్పుడు తప్పు జేసిందాన్ని, మల్లొచ్చేదాంట్ల సక్కగ జేస్తరట."

అక్క చంకలో ఉన్న పిల్లవాణ్ని తీసి ఆయన ముందు బల్ల మీద నిలబెట్టింది. "వీనికి గూడ మల్లొచ్చే బొక్కలు ఉంటయా సారూ?"

పిల్లవాడు కీబోర్డు మీద కాలు పెట్టబోతే ఆలేరు అతను మెల్లగా పట్టుకున్నాడు. పెద్దసారు నా వైపు తిరిగి, "నలుగుర్ల ఇట్ల జేస్తవనుకోలేదమ్మా" అన్నాడు. అప్పటికి కూడా అదే! ఎదురుగా బల్ల మీద పిల్లవాడు నిలబడి ఉన్నాడు, ఈయనకు నలుగురే కనిపిస్తున్నారు.

"ఈడున్నది నలుగురే సార్" అన్నాను. "గా నీళ్లు తాగేటోళ్లు ఊరంత ఉన్నరు."

ఆలేరు అతను ఎవరూ అడగకుండానే కూర్చుని తాను పెట్టిన గుర్తు తీసేశాడు. పరీక్ష నడిపాడు. తెర మీద తప్పు అని పడింది, అందరి ముందర పడింది. ఎవరి తలా తెగిపడలేదు. తర్వాత ప్రోగ్రాం తెరిచి, గీత ఉంటే రంగు వద్దు, కొలవలేదు అని రాయి అని చెప్పే రెండు మాటలు చేర్చాడు. మళ్లీ నడిపితే సరి అని వచ్చింది. మాకోసం తెమ్మన్న చాయ ఇంకా రానేలేదు. ఇంత పని! ఇంత చిన్న పని కోసం శాలువాలు కప్పి, కొబ్బరికాయలు కొట్టి, ఊళ్లకు ఊళ్లను మోసం చేశారు. చూస్తూ నిలబడ్డ నాకు ఏడుపు రాలేదు, ఆ బల్లను ఎత్తి కిటికీలోంచి పారేయాలనిపించింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పెద్దసారు మర్నాడే సంతకం పెట్టి ఆఫీసుకు పోయాడు. ఆఫీసు వాళ్లు మళ్లీ కొలవాలన్నారు, రంగుకు మంజూరు కావాలన్నారు. అక్క ఆగలేదు. మునుగోడు బజారులో ఎరుపు రంగు డబ్బా కొనుక్కొచ్చి బోరింగుకు తానే పూసింది. వాడకట్టు ఆడవాళ్లు ఇద్దరు బ్రష్షులు పట్టారు. సర్కారు రంగు మీద నువ్వెట్లా పూస్తావని ఎవడో అడిగితే, "నీ ఇంటికి తీస్కపో గా నీళ్లు, తాగు" అందట. చుట్టుపక్కల ఇంకెన్ని ఊళ్లలో ఆ ఆకుపచ్చ రంగు ఎన్నాళ్లు అట్లాగే ఉందో నాకు తెలియదు. తెలిసినవాళ్లు చెప్పలేదు.

నేను ఆ గుంపుకు మళ్లీ పోలేదు. ఆ సాధనాన్ని మాత్రం ఎవరు అడిగినా ఇచ్చాను, గుర్తు పెట్టి పరీక్షను దాటేస్తే ఆ సంగతి కూడా తెర మీద పెద్దగా పడేటట్టు మార్చి ఇచ్చాను. కొందరు వద్దన్నారు. వద్దంటే తీసుకోకు పో అన్నాను.

పిల్లవాని కాళ్లు వంకరపోలేదు, అంతవరకు అదృష్టం. పాలపండ్లు రాలి అసలు పండ్లు వచ్చాక వాటి మీద గోధుమరంగు గారలు తేలాయి. ఎన్ని తోమినా పోలేదు. వాడిప్పుడు పెద్దవాడు, మంచి ఉద్యోగం. మొన్న వాని లగ్గంలో ఫోటోలు తీసేవాడు "జర నవ్వు అన్నా, నవ్వు" అని బతిమాలాడు. వాడు పెదాలు బిగించే నవ్వాడు. పక్కన కూర్చున్న కొత్త పెళ్లికూతురు వాని మొహంలోకి చూసి, ఏం తప్పు జరిగిందోనని, తాను కూడా నవ్వు ఆపేసింది.